మొదటి దెబ్బ దాకా

పిల్లల చేతికి పుస్తకం ఇచ్చే ముందు నేను చూసేది ఒక్కటే. అందులో ఎవరికైనా దెబ్బ తగిలిందా, లేదా. తగలకపోతే ఆ పుస్తకం అబద్ధమని నా లెక్క. కుందేలు పులికి బుద్ధి చెప్పిందనీ, పులి సిగ్గుతో తల దించుకుని పోయిందనీ రాస్తారు. నాకు అరవై ఎనిమిదేళ్లు. సిగ్గుపడిన పులిని ఇంతవరకూ చూడలేదు. నా దగ్గరికొచ్చే పిల్లలూ చూడలేదు. వాళ్లు చూసేది అన్నం తట్ట ఎగిరి గోడకు కొట్టుకోవడం. అమ్మ జుట్టు నాయన పిడికిట్లో ఉండడం. గట్టు తగాదాలో అన్నదమ్ములు కొడవళ్లు తీయడం. ఇవన్నీ చూసి వచ్చిన పిల్లకు కుందేలు కథ చెబితే మర్యాదకు వింటుంది గానీ నమ్మదు.

ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయంలో నాకు ఉద్యోగమేమీ లేదు. రోజూ పోతాను, కూర్చుంటాను, చదువుతాను. శుక్రవారం వాళ్లకు సెలవు, కాబట్టి ఆ రోజు ఇంట్లో కూర్చుని అందరితో పోట్లాడుతాను. కొత్త పుస్తకాలు కర్నూలు నుంచి అట్టపెట్టెల్లో వస్తాయి. లైబ్రరీ సారు వాటికి ముద్రలు కొట్టి, నంబర్లు వేసి, పిల్లల పుస్తకాలను ఏరి నా ముందు పెడతాడు. ఆయన సన్నటి మనిషి. గట్టిగా తుమ్మడానికి కూడా భయపడతాడు.

"అవ్వా, పిల్లోళ్లకు యాటిని ఇయ్యల్నో నువ్వే సెప్పు. నువ్వు సదివేదీ వాళ్లు సదివేదీ ఒకటే వేగం" అన్నాడు మొదటిసారి.

"ఎక్కిరిస్తాండావా సారూ?"

"ల్యా అవ్వా. నేను గబగబా సదువుతాను, ఏదీ గుర్తుండదు. నువ్వు ఒక్కో అచ్చరాన్ని జుట్టు పట్టుకోని గుంజుతావు కదా."

అదీ నిజమే. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనిచేశాను. ఒక మధ్యాహ్నం గింజ తీసే యంత్రం నా కుడిచేతిని లాక్కుంది. నేను వెనక్కి లాక్కున్నాను. చివరి రెండు వేళ్లు దాని దగ్గరే ఉండిపోయాయి. తెల్లటి దూది మీద నెత్తురు పడితే ఎంత దూరం పాకుతుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. మేస్త్రీ పరుగెత్తుకొచ్చి ముందు దూదిని పక్కకు లాగాడు, తర్వాత నన్ను. మూడో రోజు ఆసుపత్రి మంచం దగ్గరికి ఒక కాగితం తెచ్చారు. వేళ్లు పోయిన చేతి బొటనవేలే కావాలన్నారు. కట్టు పక్కకు జరిపి ఒత్తించుకున్నారు. మందుల కోసమని చెప్పారు. ఇంటికొచ్చాక పక్కింటి పిల్ల దాని నకలు చదివి వినిపించింది. తప్పంతా నాదేనని, నా పరధ్యానం వల్లే చెయ్యి పోయిందని, ఇక మిల్లుకు ఏ సంబంధమూ లేదని అందులో రాసుంది.

ఆ కోపంతో పెద్దలకు అక్షరాలు నేర్పే చదువుల కేంద్రానికి పోయాను. జ్ఞానం కోసం కాదు. ఇంకోసారి ఎవడైనా నా ముందు కాగితం పెడితే అది వాడి మొహాన కొట్టడానికి. మిగిలిన మూడు వేళ్ల మధ్య బలపం నిలిచేది కాదు. మూడు పలకలు నేలకేసి పగలగొట్టాను. పంతులమ్మ నాలుగోది రేకుది తెచ్చింది.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేను మంచిదాన్నని అనుకుంటారు. నా చేతులకు పది వేళ్లూ ఉన్న రోజుల్లో నా కూతుర్ని పుస్తకం కోసమే కొట్టాను. ఇంటికి తెచ్చుకున్న పత్తికాయలు ఒలవకుండా తెలుగు వాచకం పట్టుకుని కూర్చుంది. పత్తికట్టెతో కాళ్లు వాచేలా కొట్టి, వాచకాన్ని పొయ్యిలో వేశాను. ఐదో తరగతితో దాని చదువు అయిపోయింది. ఇప్పుడు ఎమ్మిగనూరులో దాని ఇంట్లోనే ఉంటున్నాను. "ఊర్లో పిల్లోళ్లందరికీ ఇప్పిస్తావు. నాది పొయ్యిలో ఏసినావు కదమ్మా" అంటుంది. కోపంతో కాదు, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంటుంది, అన్నం వడ్డిస్తూనే.

ఇక లైబ్రరీలో నా పద్ధతి. ఆదివారం పొద్దున పిల్లలు చాప మీద కూర్చుంటారు. కొత్త పుస్తకం ఒకటి తీసి మొదటి పేజీ నుంచి పైకి చదువుతాను. ఎవరికి మొదటి దెబ్బ పడుతుందో అక్కడ ఆపేస్తాను. అల్లుడి మగ్గం కింద పడిన ఎర్ర నూలుపోగు ఒకటి ఆ పేజీలో పెట్టి మూసేస్తాను. మిగతాది ఎవరికి కావాలంటే వాళ్లు ఇంటికి తీసుకుపోయి చదువుకోవాలి.

"అవ్వా, వాడు సచ్చినాడా?"

"నీకు కండ్లు ల్యావా? తీస్కపోయి సూసుకో."

"ఒక్కటి సెప్పవ్వా, నెత్తురొచ్చిందా?"

"నెత్తురు ఊర్కే వస్తాదేమిరా? సదివినోనికే వస్తాది."

పుస్తకాల బీరువా దగ్గర పిల్లలు ఎర్రపోగు వేలాడుతున్నవాటి కోసం తోసుకునేవాళ్లు. పోగులేని పుస్తకాన్ని "ఇది వట్టి పప్పన్నం" అని వెనక్కి నెట్టేవాళ్లు. సారు సంతోషపడ్డాడు. రిజిస్టర్‌లో పిల్లల పేర్లు పేజీ కిందిదాకా నిండాయి. అదంతా నా నేర్పని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఆ పిల్లల్లో ఒక పాప మూడేళ్లుగా పెద్దకడుబూరు వైపు పల్లె నుంచి వచ్చేది. వాళ్ల ఊరి బడిలోనే ఎనిమిదో తరగతి. ఆదివారం వాళ్లమ్మ ఆకుకూరల గంప తీసుకుని ఎమ్మిగనూరు మార్కెట్టుకు వచ్చేటప్పుడు పాపను మా దగ్గర వదిలేది. కూర అమ్ముడుపోయాక వచ్చి లైబ్రరీ మెట్ల మీద, కిటికీ కింద కూర్చునేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "కాళ్లకు మట్టి ఉండాది అవ్వా" అనేది. కుడి కన్ను కింద ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది, ఒకసారి నలుపు, ఒకసారి పసుపు. పిల్ల ఎక్కువ మాట్లాడేది కాదు. చదవడం మాత్రం నాకంటే మూడింతల వేగం. నేను ఒక మాట దగ్గర ఆగి కూడబలుక్కుంటుంటే పెదాలు కదిలించి ముందే అనేసేది.

పొలాల్లో పత్తి ఏరడం ముగింపుకొచ్చిన రోజుల్లో ఒక కొత్త పెట్టె వచ్చింది. అందులో ఒక సన్నటి పుస్తకం. అట్ట మీద ఒక పిల్ల, చేతిలో రోకలి. ఇటుకల బట్టీ పక్కన ఒక ఇల్లు. నాయన రోజూ తాగి వచ్చి అమ్మను కొడతాడు. పిల్ల తలుపు సందులోంచి చూస్తుంటుంది. ఆ ఆదివారం నేను చదువుతుంటే చాప మీద ఒక్కరూ కదల్లేదు. నాయన అమ్మను గోడకేసి కొట్టాడు. పిల్ల బయటికొచ్చింది. మూలనున్న రోకలి రెండు చేతులా ఎత్తింది. నాయన కుడిచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది.

అక్కడ ఆపేశాను. పోగు పెట్టాను. నా నోరు ఊరుకోక, ఎప్పుడూ లేనిది, ఒక మాట కలిపాను.

"సూసినారా? ఎత్తితే రోకలి బరువుండదు. ఎత్తేదాకనే బరువు."

పుస్తకం పాప తీసుకుపోయింది. కిటికీ కింద వాళ్లమ్మ లేచి గంప చంకన పెట్టుకుంది. ఆమె కూడా విన్నదని అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ రాలేదు. ఆ పైవారం ముగ్గురు వచ్చారు.

పదిన్నర అయి ఉంటుంది. చాప మీద పదిహేను మంది దాకా పిల్లలున్నారు. ముందు ఒక మగమనిషి వచ్చాడు. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు, మెడకు వేలాడేసిన గుడ్డ. ఎడమచేత్తో ఆ పాప జడను చేతికి చుట్టుకుని పట్టుకున్నాడు, ఎద్దు పగ్గం పట్టుకున్నట్టు. పాప పై పెదవి ఉబ్బి ముక్కుకు తగులుతోంది. నోరు తెరిస్తే ముందు పన్ను ఒకటి లేదు. చంకలో ఆ పుస్తకం ఉంది. వాళ్లమ్మ మెట్ల మీదే నిలబడిపోయింది.

"ఈడ పుస్తకాలు ఇచ్చేది ఎవురు?" అన్నాడు.

సారు లేచాడు. "ఏమప్పా, కూర్చో, ఏం కావల్ల..."

మాట పూర్తికాలేదు. పాప జడ వదిలి ఎడమచేత్తో సారు చెవి మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరి పిల్లల మధ్య పడ్డాయి. సారు బీరువాకు కొట్టుకుని కూర్చుండిపోయాడు. పిల్లలు గోడకు అతుక్కుపోయారు. అతను కాలితో బీరువాను తన్నాడు. పుస్తకాలు జలజలా రాలాయి, వాటి మీద నిలబడ్డాడు.

"నా కూతురికి నాయన్ను కొట్టమని నేర్పేదానికా గవుర్మెంటోళ్లు ఈడ కుర్చీలేసి కూర్చోబెట్టినారు?"

"ఇచ్చింది ఆయన కాదు, నేను" అన్నాను.

నా వైపు తిరిగాడు. ముసలిదాన్నని ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. చెంప మీద పడింది. మొగుడు పోయిన ఇరవై రెండేళ్లకు మళ్లీ అదే మంట. నోట్లో ఉప్పు రుచి వచ్చింది. నాకు ఆలోచన లేదు. వేలాడుతున్న అతని సిమెంటు కట్టును నా మూడు వేళ్ల చేత్తో పట్టుకుని కిందికి లాగాను. అరిచాడు. ఇంకాస్త లాగాను. మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇడువు అవ్వా. ఇడువు, సచ్చిపోతాను."

"పిల్ల పండ్లు రాలగొట్టేటప్పుడు సావు గుర్తుకు రాల్యా?"

సారే వచ్చి నా చెయ్యి విడిపించాడు.

జరిగింది అప్పుడు తెలిసింది. నేను పుస్తకం చెప్పిన మరుసటి సాయంత్రం అతను పెళ్లాన్ని కొడుతుంటే పాప పొయ్యి పక్కనున్న తుమ్మమొద్దు తీసి, అతని కుడిచేతి మీద వేసింది. పుస్తకంలో పిల్ల వేసిన చోటే. మణికట్టు విరిగింది. ఎడమచేత్తో పాపను పట్టుకుని గడపకేసి కొట్టాడు. పన్ను ఊడింది. ఆదోని ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాడు. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోవడానికి మొగుడూ పెళ్లాం వస్తామని కూలీల మేస్త్రీకి ముందే మాట ఇచ్చి ఉన్నారు. పాప మాత్రం వాళ్ల ఊరి బడిలో వలసపోయినవాళ్ల పిల్లలకు పెట్టే హాస్టల్లో ఉండి చదువుకోవాలని మాట. ఇప్పుడు అది తిరగబడింది.

"నా చెయ్యి ఇరగ్గొట్టింది కదా, నా బదులు ఇదే కోస్తాది. రేపే పోయేది. దాని పేరు కొట్టేయండి. బడికీ ల్యా, ఈడికీ ల్యా" అన్నాడు.

ఒకసారి కోతకు పోయిన పిల్ల మళ్లీ బడికి రావడం తక్కువ. ఒక ఏడాది ఎండలో చేతులు మండాక పుస్తకం పట్టుకుంటే కాగితం తగిలిన స్పర్శ కూడా తెలియదు. తర్వాత పెళ్లి. అందరికీ తెలిసిన దారే. నా మాట వల్ల ఆ పిల్ల ఆ దారి పడుతోంది.

"తప్పు నాది. పిల్లను ఇడిసిపెట్టు" అన్నాను.

అతను చెయ్యి పట్టుకుని మూలుగుతూ నన్ను చూశాడు. "తప్పు నీదంటే నా చెయ్యి అతుక్కుంటాదా?" కట్టు సర్దుకుని అడిగాడు. "ఆ పుస్తకంలో ఆ నాయన ఏమయినాడు? చెయ్యి ఇరిగినాక?"

నేను వంగి కిందపడిన పుస్తకాలు ఏరబోయాను.

"నిన్నే అవ్వా. సచ్చినాడా, బతికినాడా?"

"తెలీదు" అన్నాను.

పిల్లలందరూ నన్నే చూశారు. సారు కళ్లద్దాలు వెతుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. నేనెప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అది. పెట్టెకు ముప్పై పుస్తకాలు వస్తాయి. నాకు నాలుగు పేజీలు దాటడానికి ఒక పూట పడుతుంది. మొదటి దెబ్బ దాకా చదవగలిగేదాన్ని, అక్కడ పోగు పెట్టి ఇంకో పుస్తకం తీసేదాన్ని. పిల్లలను ఊరించడానికి ఆపుతున్నానని వాళ్లు అనుకున్నారు. ఆపింది నా చేతగానితనం. ఎర్రపోగు తర్వాత ఏముందో, ఒక్క పుస్తకంలోనూ, నాకు తెలియదు. దెబ్బ తర్వాత ఏమవుతుందో నాకు బాగా తెలుసన్న పొగరు కూడా అందులో ఉంది. అరవై ఎనిమిదేళ్లు దెబ్బల మధ్యే బతికాను కదా.

"సదవకుండానే సెప్పినావా?" అన్నాడు అతను. గొంతులో కోపం కూడా లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఏం మనిషివవ్వా నువ్వు. దారి సూడకుండా బండి తోలినావు."

నేను చాప మీద కూర్చున్నాను.

"సదువు" అన్నాడు. "బస్సుకు ఇంకా పొద్దుంది. ఇంటాను. నాకు సదువు రాదు. నువ్వే సదువు."

పాప చంకలోంచి పుస్తకం తీసుకుని నా ఒళ్లో పెట్టాడు. అది మధ్యలో నెత్తురు ఎండి రెండు పేజీలు అతుక్కుని ఉంది. గోటితో విడదీశాను. పాపను అడిగాను.

"నువ్వు సదివినావా మే, చివరిదాకా?"

తల అడ్డంగా ఊపింది. "మా నాయన పొయ్యిలో ఏయబోతే మాయమ్మ దాచిపెట్టింది" అంది. పన్ను లేని సందులోంచి మాట ఈల వేసినట్టు వచ్చింది.

పదకొండుకు లైబ్రరీ మూయాలి. సారు తలుపులు ఒక రెక్క వేసి ఊరుకున్నాడు. కొందరు పిల్లలు పోయారు, కొందరు ఉండిపోయారు. నేను చదివాను. వేలు పెట్టి, ఒక్కొక్క మాట, మిగిలిన నాలుగు పేజీలూ, మధ్యాహ్నం దాటేదాకా. పాప నోరు విప్పి ముందే అనగలదు, అనలేదు. అతను గోడకు ఆనుకుని, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని విన్నాడు. మధ్యలో ఒకసారి సారు నీళ్లిస్తే తాగాడు. కొట్టినవాడికి కొట్టించుకున్నవాడు నీళ్లివ్వడం మా ఊర్లలో కొత్తేం కాదు.

ఎర్రపోగు తర్వాత కథ ఇది. నాయన చెయ్యి విరిగి పడిపోతాడు. అమ్మ లేచి వస్తుంది. వచ్చి నాయనను కాదు, పిల్లనే చెంప మీద కొడుతుంది. అన్నం పెట్టే చెయ్యి విరగ్గొట్టావు కదే అని ఏడుస్తుంది. చెయ్యి వంకరగా అతుక్కుంటుంది. బట్టీలో నాయన స్థానంలో పిల్ల నిలబడుతుంది. తల మీద పది ఇటుకలు, తర్వాత పన్నెండు. చివరి పేజీలో పిల్ల ఇటుకలు మోస్తూ ఉంటుంది. బడి గంట ఎక్కడో మోగుతుంది. అంతే. ఎవరూ రారు. ఎవరూ క్షమించమని అడగరు.

ఆ రాసినవాళ్లెవరో అబద్ధం రాయలేదు. నాకు కావాల్సిన రోజున అబద్ధం రాసి ఉంటే బాగుండేది. చివరి పేజీలో రెండు వాక్యాలు మార్చి చదువుదామా అని కూడా అనిపించింది. నాయన బుద్ధి తెచ్చుకున్నాడని చదివితే అతనికేం తెలుస్తుంది. కానీ పాప నా వేలి వెంటే కళ్లు కదుపుతోంది. పైగా కాగితం మీద ఒకటి ఉంటే ఇంకొకటి చదివినవాళ్ల వల్లే కదా నేను బలపం పట్టింది. ఉన్నదున్నట్టు చదివేశాను.

అతను లేచాడు. మొహం తేటపడింది.

"సూసినావా? పుస్తకంలోనూ అదే రాసినారు. సదువుకున్నోళ్లు రాసిందే నేను సేస్తాండాను. పద మే." పాప జడ మళ్లీ చేతికి చుట్టుకున్నాడు.

నేను ఓడిపోయాను. పాప లేచి నిలబడింది. ఏడవలేదు. పిల్లలు వాళ్ల చెప్పులు చూసుకుంటున్నారు.

అప్పుడు వాళ్లమ్మ లోపలికి వచ్చింది. మూడేళ్లలో ఆ గడప దాటడం అదే మొదలు. కిటికీ కింద నిలబడి మొత్తం విన్నది.

"జడ ఇడువు" అంది మొగుడితో.

"నువ్వేంది?"

"ఆ రాసినోళ్లు పిల్లను అడిగి రాసినారేమో, నిన్ను అడిగి రాసినారేమో. ఆ యమ్మను అడగల్యా. నేనూ అట్లనే సేసినాను ఆ పొద్దు. నువ్వు కింద పడితే నేను పోయి పాపనే కొట్టినాను. నీకంటే ముందు దానికి పడిన దెబ్బ నాదే. ఆ పేజీ దాకా సరిపోయింది." ఆమె గంప కింద పెట్టింది. "దాని తర్వాతి పేజీ నేను సెయ్యను. పాప బట్టీకీ రాదు, మిరపకాయలకూ రాదు. నీ పాలు కూడా నేనే కోస్తాను. తెల్లారుజామునే చేన్లో దిగుతాను. నువ్వు నాతోనే వస్తావు, గుడిసె కాడ కూర్చుంటావు."

"నన్నెందుకు తీస్కపోతావు, చెయ్యి ల్యానోన్ని?"

"నిన్ను ఈడ పాప దగ్గర ఇడిసిపెట్టి పోతాననుకున్నావా?"

అతనికి అర్థమైంది. నాకూ అర్థమైంది. ఆమె పోయేది కోత కోసమొక్కటే కాదు. ఆ చేతిని పిల్లకు దూరంగా, వందల మైళ్లు, తనతో లాక్కుపోతోంది.

అతను జడ వదిలి ఆమెను కొట్టాడు. తెరిచిన అరచేత్తో, చెవీ చెంపా కలిపి. ఆమె పక్కనున్న బల్ల మీదికి ఒరిగింది. మళ్లీ కొట్టాడు. బల్ల మీద సారు ముద్ర వేసే చెక్క ఉంది. పాప చెయ్యి దాని మీదికి పోవడం నేను చూశాను. వాళ్లమ్మా చూసింది. ఒరిగినచోటు నుంచే పాప మణికట్టు గట్టిగా పట్టుకుంది, మూడో దెబ్బ పడుతున్నా వదల్లేదు. సారూ నేనూ కలిసి అతన్ని వెనక్కి లాగేసరికి ఆమె చెవిలోంచి సన్నగా ఎర్రటి గీత మెడ మీదికి దిగుతోంది.

"అయిపోయిందా?" అంది అతనితో. "ఈడ ఇంతమంది సూసినారు. ఇంక రేపు మనిద్దరమే."

అతను ఆయాసపడుతూ నిలబడ్డాడు. చుట్టూ పదిమంది పిల్లలు అతన్ని చూస్తున్నారు, కన్నార్పకుండా. మెట్లు దిగి పోయాడు. పోలీసులను పిలుద్దామని సారు అన్నాడు. "పిలిస్తే రేపు వాళ్లు ఇడిసిపెడతారు, ఎల్లుండి ఈన ఇంటికొస్తాడు. నేను ఊర్లో ఉండను, పాప ఉంటాది. వద్దు సారూ" అంది ఆమె. చీరకొంగుతో చెవి అదిమి పెట్టుకుంది.

మరుసటి రోజు పొద్దున వాళ్ల ఊరికి పోయాను. బడి ముందు టెంపో నిలబడి ఉంది. బియ్యం మూటలు, గిన్నెలు, రెండు కోళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లలు. అతను ముందు కూర్చుని ఉన్నాడు, ఎవరి మొహమూ చూడలేదు. ఆమె వెనక గొలుసు పట్టుకుని నిలబడింది. పాప హాస్టల్ గేటు లోపల ఉంది. బండి కదిలేముందు ఆమె నన్ను పిలిచింది.

"అవ్వా, ఆదివారం పాప ఒక్కతే వస్తాది. బస్సు ఎక్కిచ్చి పంపు."

"నేనే వచ్చి ఎక్కిచ్చుకోని పోతాలే."

"దానికి ఏ పుస్తకమన్నా ఇయ్యి. నీకిష్టమొచ్చింది. కానీ నువ్వు మొత్తం సదివినాకే ఇయ్యి."

అలాగేనన్నాను. అప్పటి నుంచి నెలకు ఒక్క పుస్తకమే చెబుతున్నాను. రిజిస్టర్‌లో పిల్లల పేర్లు తగ్గాయి. పైవాళ్లు కారణం అడుగుతున్నారని సారు గొణిగాడు, నేను పట్టించుకోలేదు.

ఉగాది దాటాక వాళ్లు తిరిగొచ్చారు. పాప ఎనిమిది పరీక్షలు రాసేసింది, బడి తెరిస్తే తొమ్మిది. ఆమె గంప లేకుండా లైబ్రరీకి వచ్చి, ఈసారి లోపలికే వచ్చి, చాప అంచున కూర్చుంది. వేళ్ల చివర్లు నల్లబడి పగిలి ఉన్నాయి. నేను ఆమె కుడిపక్క నుంచి పలకరిస్తే తిరగలేదు. ఇంకోసారి పిలిచాను. పాప వాళ్లమ్మ భుజం తట్టి నా వైపు చూపించింది.

"చెవి ఏమయింది?" అన్నాను.

"మిరపకాయలు కోసేదానికి చెవితో ఏం పనవ్వా" అంది ఆమె. నవ్వింది కూడా. తర్వాత పాపను లేపి తన ఎడమపక్కకు రమ్మని కూర్చోబెట్టుకుంది, అది చదివేది వినపడేలా.